అందరికీ వంగే కోడలు

ఒక సంగతి ముందే ఒప్పేసుకుంటాను. రేపు మీరు నాకు బజార్లో ఎదురైతే నేను మిమ్మల్ని గుర్తుపట్టను. ఇవాళ మనిద్దరం గంటసేపు కూర్చుని, మూడేసి గిన్నెల టీ తాగి, మీ చిన్ననాటి దెబ్బల మచ్చలతో సహా అన్నీ చెప్పుకున్నా సరే. పొగరనుకోకండి. నాకు మొహాలు నిలవవు.

చూపు బాగానే ఉంది. కళ్ళు, ముక్కు, నోరు అన్నీ కనిపిస్తాయి. తల తిప్పగానే నీళ్ళ మీద రాసినట్టు చెరిగిపోతాయి. మళ్ళీ చూస్తే మళ్ళీ కొత్త మొహమే. వింతేమిటంటే, ఆ మొహం మీద ఏం జరుగుతోందో మాత్రం నాకు బాగా తెలుస్తుంది. నవ్వు, నవ్వులాంటిది, నవ్వు కింద మడిచి పెట్టిన చిరాకు, అన్నీ. నవ్వుతున్నది ఎవరో తెలీదు, అంతే. వీధిలో నడుస్తుంటే సంతోషాలూ విసుగులూ గాల్లో తేలుతూ వచ్చి, నన్ను తాకి, వెనక్కి వెళ్ళిపోతుంటాయి. వాటి వెనక మనుషులుంటారని నాకు నేను గుర్తు చేసుకోవాలి.

అల్మాతీలో కంప్యూటర్ చదువు చదివేటప్పుడు ఒక ప్రొఫెసర్ దగ్గర చిన్న పని చేశాను. వేల ఫొటోలు చూసి ఒక్కోదానికీ సంతోషం, భయం, అసహ్యం అని పేరు పెట్టాలి, యంత్రానికి నేర్పడం కోసం. మా బ్యాచ్‌లో అందరికంటే తక్కువ తప్పులు నావే. మర్నాడు అదే ప్రొఫెసర్ మెట్ల మీద ఎదురైతే "లైబ్రరీ ఎటండీ?" అని అడిగాను.

మా ఆయన మెదెత్‌కి పెళ్ళికి ముందే చెప్పాను. చెప్పక తప్పలేదు. మేం మూడోసారి కలుసుకున్న రోజు అతను జుట్టు కత్తిరించుకుని వచ్చాడు. నేను అతని పక్క టేబుల్ దగ్గరే కూర్చుని ఇరవై నిమిషాలు అతని కోసం ఎదురుచూశాను. నేనేం చేస్తానో చూద్దామని అతనూ నోరెత్తకుండా కూర్చున్నాడు.

"మరి పెళ్ళి పీటల మీద ఇంకెవడో వచ్చి కూర్చుంటే?" అన్నాడు, నేను మొత్తం చెప్పాక.

"నీలాగా ఊపిరి తీసినప్పుడల్లా ముక్కుతో ఈలవేసేవాడు ఇంకొకడు దొరకాలిగా."

నవ్వాడు. తర్వాత నవ్వు తగ్గించి అన్నాడు, "మా అమ్మకి మాత్రం నువ్వు చెప్పకు. మా అమ్మ లెక్కలో మనిషిని గుర్తుపట్టకపోవడమంటే మనిషిని లెక్కచెయ్యకపోవడమే. నేను చూసి మెల్లగా చెప్తాలే."

మెల్లగా అంటే ఎంత మెల్లగానో నేను అడగలేదు.

జూన్‌లో పెళ్ళయింది. మా వైపు పెళ్ళిలో మొహం తెరిచే వేడుక ఉంటుంది. పెళ్ళికూతురు ముసుగులో నిలబడుతుంది. పాటగాడు దొంబ్రా తీగలు మీటుతూ అత్తింటివాళ్ళని ఒక్కొక్కరినే పొగుడుతాడు, కొందర్ని ఏడిపిస్తాడు కూడా. పేరు విన్నప్పుడల్లా ఆమె తలవంచి నమస్కరిస్తుంది. చివర్లో ముసుగెత్తి అందరికీ మొహం చూపిస్తారు. నేను నలభై ఆరు మందికి వంగాను. నిజం చెప్పాలంటే నా జన్మలో అంత హాయిగా ఎప్పుడూ లేను. తెల్లటి ముసుగు లోపల పాలలాంటి వెలుతురు. బయట రంగురంగుల మసకలు కదులుతున్నాయి. ఒక్కో మసకకీ ఒక పేరు, ఒక పాట. ఎవరినీ గుర్తుపట్టే పని లేదు. ముసుగు తీశారు. నలభై ఆరు మొహాలు ఒక్కసారిగా నా మీదికి నవ్వాయి. హాయి అక్కడితో అయిపోయింది.

అత్తగారిల్లు కరాతాల్ నది ఒడ్డున, ఉష్తోబెలో. మెదెత్ పడమటి వైపు చమురు బావుల దగ్గర పనిచేస్తాడు. నెలరోజులు అక్కడ, నెలరోజులు ఇక్కడ. అతను లేనప్పుడు ఇంట్లో ఇద్దరమే. నేను కిటికీ పక్కన లాప్‌టాప్ పెట్టుకుని ఒక బ్యాంకు యాప్‌కి పని చేసుకుంటాను. మా అత్తగారు కున్‌సులు పెరట్లో కోళ్ళని తిట్టుకుంటూ ఉంటుంది.

ఆవిణ్ణి కనిపెట్టడం తేలిక. ఎప్పుడూ ఆకుపచ్చ మఖమల్ జాకెట్టు వేసుకుంటుంది. నోరు తెరిస్తే ముందు వరసలో మూడు బంగారు పళ్ళు మెరుస్తాయి. నడిస్తే ఎడమ కాలు కుడికాలి కంటే కొంచెం ఆలస్యంగా, కొంచెం గట్టిగా పడుతుంది. ఆ మూడూ కలిస్తే అత్తయ్య. మొహం జోలికి నేను పోను.

చిక్కంతా వీధిలోనే వచ్చింది. మా వైపు కోడలన్నాక భర్త తరఫు పెద్దవాళ్ళు ఎక్కడ కనిపించినా తనే ముందు పలకరించాలి. కుడి మోకాలు కొంచెం వంచి, తల దించి నమస్కరించాలి. ఒక్కరిని వదిలేసినా సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది, ఫలానావాళ్ళ కోడలికి కొమ్ములొచ్చాయని. ఉష్తోబెలో సగం మంది మెదెత్ చుట్టాలే. ఏ సగమో నాకు తెలీదు.

అందుకని ప్రోగ్రామర్ బుర్రతో ఒక నియమం పెట్టుకున్నాను. నలభై దాటినట్టు కనిపించిన ప్రతి మనిషికీ వంగడం. అంతే, తేడాల్లేవు. కరెంటు మీటరు చూడ్డానికొచ్చినతనికి వంగాను. క్యారెట్ పచ్చడి అమ్మే కొరియా ఆవిడకి వంగితే పాపం ఆవిడ కంగారుపడి తూకంలో గుప్పెడు ఎక్కువేసింది. ఇల్లిల్లూ తిరిగి దుమ్ము పీల్చే యంత్రాలు అమ్ముకునే ఒకాయనకి వంగాను. ఆయన అమ్మడం మానేసి, తన కోడలు తనని ఎలా చూస్తోందో అరగంటసేపు చెప్పి వెళ్ళాడు.

పక్కింటి సాకిప్‌జమాల్ అత్తయ్యతో అనడం నా చెవినే పడింది. "కున్‌సులూ, ఎక్కణ్ణించి తెచ్చావే ఈ పిల్లని? పట్నం పిల్లంటే తల ఎగరేసుకుని తిరుగుతుందనుకున్నా. ఇదేమో కరెంటు స్తంభానికి కూడా దణ్ణం పెట్టేట్టుంది."

"మా ఇంటి నీళ్ళు తాగుతోందిగా," అంది అత్తయ్య, బంగారు పళ్ళు మెరిపిస్తూ.

మొదట్లో అలా మెరిపించింది. సెప్టెంబరు వచ్చేసరికి మెరుపులు తగ్గాయి. నేను టీ గిన్నె అందించినప్పుడల్లా ఆవిడ మొహం మీద ఏదో కొంచెం కొంచెంగా చల్లారడం చూస్తున్నాను. కోపం కాదది. తలుపు దగ్గరేసి గడియ మాత్రం పెట్టనివాళ్ళలా ఉండేది. అది ఏమిటో చదవగలిగాను, ఎందుకో మాత్రం తెలీలేదు. అడగడానికి ధైర్యం చాల్లేదు. ఈ ఇంట్లో నాకు కావలసింది ఒక్కటే. ఆవిడ నన్ను రాయి అనుకోకూడదు. అనుకుంటోందేమోనని నాకు రోజురోజుకీ భయం పెరిగింది.

అక్టోబరులో ఒక బుధవారం. అత్తయ్య పొద్దున్నే, "మా అక్కయ్య ఊరెళ్తున్నా, బొంతకి ఉన్ని దులపాలి," అని వెళ్ళిపోయింది. నాకు కూడా ఆ రోజు తల్దీకోర్గాన్ పట్నంలో పని ఉంది. పెళ్ళి తర్వాత ఇంటిపేరు మారింది కదా, గుర్తింపు కార్డు కొత్తది తీసుకోవాలి. మినీ బస్సులో గంట ప్రయాణం.

కార్డు చేతికిచ్చి కౌంటర్లో అమ్మాయి అంది, "మీరేనా చూసుకోండి."

చూశాను. ఎవరో అమ్మాయి, నిద్ర చాలనట్టుంది, కొంచెం మొండి మనిషిలా ఉంది. "నా పేరే ఉంది," అన్నాను.

"మొహం చూసుకోమంటున్నా."

"మీకు నేనేననిపిస్తే నేనే."

ఆ అమ్మాయి నన్ను పైనుంచి కింది దాకా చూసి తర్వాతి నంబరు పిలిచింది.

బయటికొచ్చేసరికి పొగమంచు దిగి ఉంది. నదివైపు నుంచి వచ్చే మంచు అది, తెల్లగా, మెత్తగా, ఊళ్ళోకి పాలు ఒలికినట్టు వస్తుంది. పార్కులో ఎల్మ్ చెట్లు సగం సగం ఉన్నాయి. కాండాలు లేవు, పసుపు ఆకులు మాత్రం గాల్లో ఆగి ఉన్నాయి. మనుషులు దగ్గరికొచ్చేదాకా మనుషులు కారు. ఇలాంటి రోజులు నాకు చాలా ఇష్టం. నా జబ్బు ఊరందరికీ అంటుకున్నట్టుంటుంది, నేను ఒంటరిదాన్ని కాననిపిస్తుంది.

బస్సుకి ఇంకా గంటన్నర టైముంది. పళ్ళ ఆసుపత్రి వెనక బెంచీ మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. బూడిద రంగు కోటు, గోధుమ రంగు శాలువా తలమీంచి గడ్డం దాకా చుట్టుకుంది. ఒడిలో ఒక జేబురుమాలు మూట, దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. నేను దగ్గరికి రాగానే ఉలిక్కిపడి తలెత్తింది.

ఆ మొహం ఎవరిదో తెలీదు. దాని మీద ఉన్నది మాత్రం ఇప్పటికీ మర్చిపోలేదు. సంతలో తల్లి చెయ్యి వదిలేసుకుని, ఇంకా ఏడుపు మొదలుపెట్టని చిన్నపిల్ల మొహం అది. అరవై ఏళ్ళావిడ మీద.

అలవాటు ప్రకారం మోకాలు వంచాను. "సలాం, అపా. బాగున్నారా? ఇంట్లో పెద్దలూ పిల్లలూ బాగున్నారా? గొడ్డూ గోదా బాగున్నాయా?" ముక్కూమొహం తెలీని పెద్దావిణ్ణి అపా అని పిలిచి మేం పలకరించే పలకరింపు ఇదే.

ఆవిడ నా వంక అలాగే చూసింది. కంగారు పోయి ఆశ్చర్యం వచ్చింది. ఆశ్చర్యం పోయి ఏదో మెత్తగా వచ్చింది. మెల్లగా తలూపింది. "బాగున్నారు, తల్లీ. అంతా బాగున్నారు." నోట్లో దూది పెట్టారేమో, మాటలు దుప్పటి కిందనుంచి వస్తున్నట్టు వచ్చాయి.

"కూర్చోనా?"

"బెంచీ నాదా? కూర్చో."

కూర్చున్నాను. పక్క బెంచీ కూడా మంచులో కనిపించట్లేదు. "నొప్పిగా ఉందా, అపా?"

"పళ్ళు పీకించుకున్నా. మొద్దుబారిపోయింది, నొప్పి ఇంకా రాలేదు."

"ఒక్కరే వచ్చారా? తోడు ఎవరూ లేరా?"

"ఇంట్లో చెప్పలేదు." మూట ఒడిలో సర్దుకుంది. "ముసలాళ్ళకి పళ్ళు ఊడక పువ్వులు పూస్తాయా అంటారు. ఊడేది నా పళ్ళు గానీ వాళ్ళవి కాదుగా."

నవ్వొచ్చింది నాకు. ఆవిడా నవ్వబోయి దవడ పట్టుకుంది. తర్వాత నన్ను ఓరగా చూస్తూ అడిగింది, "పెళ్ళయిందా నీకు?" అడుగుతున్నప్పుడు ఆవిడ కళ్ళల్లో ఒక చిలిపితనం వచ్చి చేరింది. చక్కెర డబ్బాలో చెయ్యి పెట్టే పిల్లల్లో చూస్తామే, అది. ఎందుకో నాకర్థం కాలేదు.

"నాలుగు నెలలైంది."

"అత్త ఎలాంటిది?"

"మంచిదే. నాకే కొంచెం భయం."

"ఎందుకు? కొడుతుందా?"

"కొట్టదు. చూస్తుంది."

ఆవిడ గొంతులో ఏదో గురగురమంది. ఎక్కడో రైలు కూత వినిపించింది. అది ఏ వైపునుంచి వస్తోందో ఆ మంచులో తెలీలేదు.

"నాకూ ఒక కోడలుంది," అంది ఆవిడ. "తెలివైంది. మర్యాదస్తురాలు. అందరితో మర్యాదగా ఉంటుంది, నాతోనూ మర్యాదగానే ఉంటుంది. అదే నాకు బాధ."

"మర్యాదగా ఉంటే బాధేంటి, అపా?"

"పైవాళ్ళకి ఎంత పెడుతుందో నాకూ అంతే పెడుతుంది. ఒక చెంచా ఎక్కువుండదు. నేను గదిలోకి వెళ్తే తలెత్తి చూస్తుంది చూడు... బస్సు నంబరు చూసినట్టు చూస్తుంది. మనదా కాదా అని. మనదేనని తేల్చుకున్నాకే నవ్వుతుంది. ఆ తేల్చుకునే లోపల ఒక క్షణం ఉంటుందే, తల్లీ, ఆ క్షణంలో నేను ఎవరికీ ఏమీ కాను. మా ఆయన పోయి తొమ్మిదేళ్ళు. కొడుకు ఎక్కడో ఉంటాడు. రోజుకి పదిసార్లు అలా ఎవరికీ ఏమీ కాకుండా పోవడం కష్టం."

బస్సు నంబరు. పాపం ఆ కోడలు, అనుకున్నాను. ఎవరో గానీ ఆ అమ్మాయిదీ నా జబ్బే. నూటికి ఒకరిద్దరికి ఉంటుందని చదివాను కూడా. ఆ పిల్ల తరఫున వాదించాలన్న ఆవేశం పుట్టుకొచ్చింది నాకు.

"అపా, మీ కోడల్ని అలా అనుకోకండి. తను నాలాంటిదేమో."

"నీలాంటిదా?"

"నాకు మొహాలు గుర్తుండవు. పుట్టుకతోనే అంతే. మా ఆయనకి తప్ప ఎవరికీ చెప్పలేదు. అందరికీ వంగుతాను, ఎవరు చుట్టమో ఎవరు కాదో తెలీక. మా అత్తయ్య గదిలోకొచ్చినప్పుడు నాకూ ఆ క్షణం వస్తుంది. నేను వెతుక్కునేది ఆవిణ్ణే. ప్రేమ లేక కాదు, అపా. ఆవిడంటే నాకు... ఆవిడ కోళ్ళని తిట్టడం వినకపోతే నాకు పని సాగదు. కానీ ఆవిడ మొహం నాకు తెలీదు. ఇప్పుడు ఇక్కడికొచ్చి నా పక్కన కూర్చున్నా తెలీదు."

ఆవిడ నవ్వబోయింది. ఆ నవ్వు సగం దారిలో ఆగిపోయింది. ఇంకో మెట్టు ఉందనుకుని కాలు వేస్తే అక్కడ మెట్టు లేనప్పుడు మనుషుల మొహం ఎలా అవుతుందో, అలా అయింది.

"ఇక్కడికొచ్చి కూర్చున్నా తెలీదా?"

"తెలీదు."

"ఆటలాడట్లేదుగా నువ్వు?"

"ఇందులో ఆటేముంది, అపా?"

మూట గుప్పిట్లో నొక్కిపట్టి లేచింది. "నా బస్సు టైమైంది," అంది. పెద్దవాళ్ళు దీవించకుండా వెళ్ళడం మా వైపు లేదు. ఆవిడ దీవించలేదు. తడి ఆకుల మీద అడుగుల చప్పుడు లేకుండా నాలుగడుగులు వేసింది, మంచు మూసేసింది.

పరాయి మనిషికి మనసు విప్పితే తేలికవుతుందంటారు. నాకు అలా ఏమీ కాలేదు.

మినీ బస్సు ఎక్కితే ముందు సీట్లో అదే బూడిద రంగు కోటు. అరె, ఈవిడది మావైపే అన్నమాట. నేను నవ్వాను. ఆవిడ కిటికీవైపు తిరిగింది. దారి పొడుగునా బీడు భూములు మంచులో కరిగిపోయి ఉన్నాయి. బస్సు ముందుకు పోతున్నట్టే లేదు. వెనక సీట్లో కూర్చుని ఆ కోటు భుజాలనే చూస్తూ, నేనన్న దాంట్లో ఏ మాట ఆవిడకి తగిలిందా అని ఏరుకుంటున్నాను.

ఉష్తోబెలో మా వీధి మలుపు దగ్గర ఆవిడ దిగింది. నేనూ దిగాను. ముందు ఆవిడ, పాతికడుగుల వెనక నేను. ఇక్కడ దారంతా కంకర. కుడికాలు, తర్వాత కొంచెం ఆలస్యంగా, కొంచెం గట్టిగా, ఎడమ కాలు.

నేను ఆగిపోయాను. చెవి ముందు ఒప్పుకుంది, బుర్ర ఒప్పుకోలేదు. ఆవిడ మా నీలం గేటు దగ్గర ఆగింది. మా కుక్క అక్తోస్ కొత్తవాళ్ళెవరొచ్చినా వీధంతా లేచేలా మొరుగుతుంది. అది మొరగలేదు. తోక ఊపుతున్న చప్పుడు గేటు రేకుకి తగిలి వినిపించింది. ఆవిడ లోపలికెళ్ళి గేటు వేసుకుంది. గడియ పెట్టలేదు.

కుక్కకి కూడా తెలుసు.

మెదెత్‌కి మెసేజ్ పెట్టాను. "అత్తయ్యకి చెప్పావా?"

"మెల్లగా చెప్తానన్నాగా," అని వచ్చింది.

"ఇంక అక్కర్లేదు. నేనే చెప్పేశాను. ఎవరికి చెప్తున్నానో తెలీకుండా."

అతను ఫోన్ చేస్తున్నాడు. ఎత్తలేదు. ఏడింటికి అల్మాతీ రైలుంది. స్టేషను నడిచి పావుగంట. పారిపోవడం నాకు కొత్త కాదు. స్కూల్లో, కాలేజీలో, గుర్తుపట్టలేక నొప్పించిన వాళ్ళందరి దగ్గర్నుంచీ అలాగే తప్పుకుని వచ్చాను. కొన్నాళ్ళకి వాళ్ళు మళ్ళీ నాకు కొత్త మొహాలైపోయేవాళ్ళు. కానీ ఆ కాలి చప్పుడు కొత్తదయ్యే అవకాశం లేదు. గేటు తోశాను.

వంటింట్లో ఆవిడ వీపు తిప్పి పిండి పిసుకుతోంది. కోటు, శాలువా ఇంకా విప్పలేదు.

"అత్తయ్యా," అన్నాను.

"ఎవరూ?"

"నేను."

"నేనంటే? నాకు మొహాలు గుర్తుండవమ్మా."

ఆ దెబ్బ నాకు తగలాల్సిందే. గుమ్మంలోనే నిలబడ్డాను. "కురాలాయ్‌ని. మీ కోడల్ని."

పిండి మీద గుప్పిట పడుతూనే ఉంది. "నువ్వు కావాలనే తెలీనట్టు నటిస్తున్నావనుకున్నాను," అంది, అటు తిరిగే. "అత్త దొంగచాటుగా వచ్చి పళ్ళు పీకించుకుంది, చూసేసిన సంగతి బయటపెడితే సిగ్గుపడుతుంది, పరాయిదానిలా పలకరిద్దాం అనుకున్నావనుకున్నా. అబ్బ, ఎంత మనసు ఈ పిల్లకి అనుకున్నా. ఇంట్లో నీ మొహాన అనలేనివి అక్కడ అన్నా, నువ్వు వింటావులే అని. నువ్వు విన్నావు. ఎవరి మాటలో తెలీకుండా విన్నావు."

"అవును."

"నాలుగు నెలలుగా పొద్దున్నే టీ పోస్తున్నావే, ఎవరికి పోశావు?"

అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు. "ఆకుపచ్చ జాకెట్టుకి. మూడు బంగారు పళ్ళకి. ఎడమ కాలి చప్పుడుకి."

అప్పుడు ఇటు తిరిగింది. శాలువా కిందికి లాగింది. పై వరస మధ్యలో నల్లటి ఖాళీ. బల్ల మీద జేబురుమాలు ముడి విప్పి ఉంది, అందులో మూడు పళ్ళు, వాటిమీద పసుపు మెరుపు. "మెదెత్ పుట్టినప్పుడు వాళ్ళ నాన్న వేయించాడు. చిగుళ్ళు కుళ్ళిపోయాయి, ఇంక నిలవవన్నాడు డాక్టరు. జాకెట్టు చిరిగి పోగులొచ్చింది, ఇవాళో రేపో పారేస్తాను. కాలికి కూడా ఏదో చెప్పు చేయించుకోమంటున్నారు, నడక సరవుతుందట. తర్వాత నీకు నేనేం మిగులుతాను?"

గుమ్మం దాటి బల్ల దగ్గరికి వచ్చాను.

"బెంచీ మీద ఒకావిడ కూర్చుని ఉంది," అన్నాను. "ఎవరో నాకు తెలీదు. చూస్తే వదిలి వెళ్ళబుద్ధి కాలేదు. అందుకే కూర్చున్నాను."

"ఏం కనిపించింది నీకు?"

"సంతలో తప్పిపోయిన పిల్ల."

ఆవిడ పిండి అంటిన వేలితో కన్ను తుడుచుకోబోయి మానేసింది. "రాత్రి వీడియో ఫోన్లో కొడుకు నా మొహం ఇంత దగ్గర్నుంచి చూశాడు," అంది. "బాగున్నావా అన్నాడు, బాగున్నా అన్నా. పొద్దున దార్లో అక్కయ్య దగ్గర ఆగి ఈ కోటు అడిగి తీసుకున్నా. అరవై ఏళ్ళుగా చూస్తోంది నన్ను. ఏమీ అడగలేదు. తెలిసిన మొహమేగా, ఇంకేం చూస్తారు."

తర్వాత, "టీ పోయ్," అంది. పోశాను. తాగింది. ఎడమవైపు నోటితో, జాగ్రత్తగా. ఆపై రెండు రోజులూ అంతకుమించి మాటల్లేవు. నేను సంచీ సర్దుకోలేదు గానీ, సంచీ ఎక్కడుందో చూసుకున్నాను.

శనివారం బజారుకి ఒక్కదాన్నే వెళ్ళాను. ఎండు పెరుగు ఉండలు అమ్మేవాళ్ళ వరస ఉంటుంది అక్కడ. కొనేవాళ్ళూ అమ్మేవాళ్ళూ అంతా పెద్దవాళ్ళే, అంతా తలగుడ్డలే. వేసవి చివర మేఘాలు ఒకదాని మీదొకటి ఒరుసుకున్నట్టు మొహాలు ఒకదాంట్లోంచి ఒకటి వస్తున్నాయి. నేను మామూలుగానే వంగుతూ పోతున్నాను. ఒకరికి, ఇంకొకరికి, ఇంకొకరికి.

ఆ గుంపులోంచి ఒకావిడ తిన్నగా నా దగ్గరికొచ్చింది. కొత్త గోధుమ రంగు జాకెట్టు, పువ్వుల తలగుడ్డ. నోరు మూసుకుని ఉంది. నేను మోకాలు వంచబోయేలోపల నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. వీధిలో అందరిముందు, కోడలి ముందు, తన తల తనే కొంచెం వంచింది.

"సలాం, కురాలాయ్. నేనే, కున్‌సులుని. మీ అత్తని."

అమ్ముతున్నవాళ్ళ చేతుల్లో త్రాసులు ఆగిపోయాయి. పెద్దది చిన్నదాన్ని ముందు పలకరించడం, అందులోనూ అత్త కోడల్ని, ఆ బజారు పుట్టినప్పట్నుంచీ జరిగి ఉండదు. పక్కనే బేరమాడుతున్న ఒకావిడ గొంతు విని సాకిప్‌జమాల్ అని గుర్తుపట్టాను. "ఇదేం చోద్యమే, కున్‌సులూ? కోడలికి నువ్వు వంగుతావా? పళ్ళతో పాటు బుద్ధి కూడా పీకేశారా?"

"నా నడుం, నా ఇష్టం," అంది అత్తయ్య. "పళ్ళు లేవు గానీ నోరుంది, చూస్తావా?"

సాకిప్‌జమాల్ చూడనంది. అత్తయ్య నా మోచెయ్యి వదల్లేదు. ఆవిడ మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది. పూర్తిగా, ఇంకే పనీ పెట్టుకోకుండా చూశాను. సిగ్గు ఉంది దాంట్లో, పంతం ఉంది, బోసినోటి నవ్వు బయటికి రావాలా వద్దా అని తచ్చాడుతోంది. ఏ జాకెట్టో, ఏ కాలో వెతుక్కోలేదు.

"సలాం, అత్తయ్యా," అన్నాను. వంగలేదు.

"అలా ఉండు," అంది. "రా, క్యారెట్ పచ్చడి కొందాం. నమిలే పని లేకుండా సన్నగా తరిగిస్తుందేమో అడుగు ఆవిణ్ణి. నీ మాటైతే వింటుంది."

అప్పట్నుంచీ బయట ఎక్కడ కనిపించినా ఆవిడే ముందు పలకరిస్తుంది. ఊళ్ళో కొందరు ఇంకా నవ్వుకుంటున్నారు. మా వీధిలో మాత్రం ఇద్దరు ముగ్గురు పెద్దాళ్ళు, ఎందుకో అడక్కుండానే, నన్ను చూడగానే తమ పేరు తామే చెప్పడం మొదలుపెట్టారు. నేను వాళ్ళకి వంగడం మాత్రం మానలేదు.

మీలో ఎవరైనా సొంత మనిషితో పరాయివాళ్ళని అనుకుని మాట్లాడారా? లేకపోతే మీ ఇంట్లోవాళ్ళే మిమ్మల్ని పరాయిగా చూసిన ఆ ఒక్క క్షణం మీకూ తెలుసా? ఏం జరిగిందో, మర్నాడు పొద్దున మీరిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు రాయండి. మా అత్తయ్యకి చదివి వినిపిస్తాను. ఆవిడ అడుగుతోంది.